మెడలోని చీటీ

పుస్తకంలో పుట్టిన పాత్ర పుస్తకంలోనే ఉండిపోవాలన్న నియమమేదీ లేదు. పాఠకుల ప్రేమను చూరగొన్న పాత్ర ఏదో ఒకనాడు అట్టల మధ్యనుంచి లేచి జనం మధ్యకు వస్తుంది. దసరాకో సంక్రాంతికో తెలుగు ఇళ్లలో తీర్చే బొమ్మల కొలువులో రామలక్ష్మణులు, దశావతారాలు మెట్లమీద నిలిచి కథ చెప్పడం ఇటువంటిదే. చదువు రాని పసివారికి కూడ ఆ మెట్లమీద రామాయణం అర్థమవుతుంది. 2014 నవంబరు, డిసెంబరు నెలల్లో లండన్ మహానగరం ఇటువంటి కొలువునొకదాన్ని నడివీధిలో తీర్చింది. ఆ కొలువులో మెట్లు లేవు. కాలిబాటలు, కూడళ్లు, ఉద్యానవనాలు ఉన్నాయి. అన్నిచోట్లా ఉన్నది ఒకే బొమ్మ. తలపై టోపీ, ఒంటిపై కోటు ధరించిన ఎలుగుబంటి. దాని పేరు పాడింగ్టన్.

నగరమంతటా నిలిపిన ఆ విగ్రహాలు సుమారు యాభై. ఆకారం ఒక్కటే అయినా అలంకారం దేనికదే. నటీనటులు, క్రీడాకారులు, కళాకారులు, రచయితలు తలా ఒకదానికి రూపకల్పన చేశారు. తల్లిదండ్రుల చేయి పట్టుకొని, నగరపటం చూసుకొంటూ, పిల్లలు ఒక విగ్రహం నుంచి మరొక విగ్రహానికి నడిచారు. వేడుక ముగిసిన పిదప విగ్రహాలను వేలం వేసి, వచ్చిన సొమ్మును బాలలపై క్రూరత్వాన్ని అరికట్టడానికి పాటుపడే ఎన్.ఎస్.పి.సి.సి. అనే జాతీయ సంఘానికి అందజేశారు. ఇది దానమా, వినోదమా, ప్రకటనా అనే ప్రశ్న అటువంటి వేడుకల విషయంలో తరచుగా తలెత్తుతుంది. ఆ ప్రశ్నకు సమాధానం విగ్రహంలో లేదు. ఆ ఎలుగుబంటి మెడలోని చీటీలో ఉంది.

ఈ శిల్పాల బాటల చరిత్ర మరీ ప్రాచీనమైనదేమీ కాదు. 1998లో స్విట్జర్లాండులోని జూరిచ్ నగర వీధుల్లో రంగులద్దిన ఆవుల విగ్రహాలను నిలిపారు. మరుసటి సంవత్సరం అమెరికాలోని చికాగో నగరం ఆ ఆలోచనను అందుకొన్నది. అక్కడ మూడువందలకు పైగా ఆవులు వీధుల్లో కొలువుదీరాయి. వాటి వేలం ద్వారా ముప్పై లక్షల డాలర్లకు పైగా సొమ్ము సేవాసంస్థలకు చేరింది. నాటినుంచి ఈ పద్ధతి ప్రపంచంలోని అనేక నగరాలకు వ్యాపించింది. దీని నిర్వహణ సులభగ్రాహ్యమే. ఒకే మూసలో పోసిన విగ్రహాలను సిద్ధం చేస్తారు. వ్యాపారసంస్థలు ఒక్కొక్క విగ్రహం ఖర్చును భరిస్తాయి. కళాకారులు వాటిని తీర్చిదిద్దుతారు. కొన్ని వారాలపాటు అవి ప్రజల ఎదుట ఉంటాయి. చివరకు వేలంలో అమ్ముడై, ఒక ఆసుపత్రికో సేవాసంఘానికో ధనరూపంలో సహాయపడతాయి. 2013లో బ్రిస్టల్ నగరంలో గ్రోమిట్ అనే చలనచిత్ర శునకం విగ్రహాలు 80 నిలిపితే, వేలంలో దాదాపు 23 లక్షల పౌండ్లు సమకూరాయి. ఆ సొమ్ము పిల్లల ఆసుపత్రికి ఉపకరించింది. 2019లో న్యూకాజిల్ నగరంలో ఎల్మర్ అనే ఏనుగు విగ్రహాలు నిలిచాయి. డేవిడ్ మెకీ 1968లో పిల్లలకోసం సృష్టించిన ఆ ఏనుగు మందలో అన్నిటికన్న భిన్నంగా రంగురంగుల గళ్లతో ఉంటుంది. మరణానికి చేరువైన రోగులకు ఆసరా ఇచ్చే సంస్థకు ఆ ఏనుగు చేయూతనిచ్చింది.

ఇన్ని బాటల్లోనూ లండన్‌లోని ఎలుగుబంటి బాటకు ఒక ప్రత్యేకత ఉంది. అక్కడ కథకూ సేవకూ మధ్య బంధం పైపైన అతికించినది కాదు. ఆ బంధం కథ పుట్టుకలోనే ఉంది.

పాడింగ్టన్ కథల రచయిత మైకేల్ బాండ్. ఆయన బి.బి.సి.లో కెమెరామన్‌గా పనిచేసేవాడు. 1956లో క్రిస్మస్ ముందురోజున లండన్‌లోని ఒక పెద్ద అంగడిలో, అమ్ముడుపోకుండా అరమీద ఒంటరిగా మిగిలిపోయిన ఎలుగుబంటి బొమ్మ ఆయన కంటబడింది. దానిమీద జాలిపడి కొని, భార్యకు కానుకగా ఇచ్చాడు. అప్పట్లో వారి నివాసం పాడింగ్టన్ రైల్వేస్టేషనుకు సమీపంలో ఉండేది. ఆ స్టేషను పేరే బొమ్మకు పేరైంది. కొద్దికాలానికి ఆ బొమ్మ చుట్టూ కథ అల్లుకొన్నది. 1958లో తొలి పుస్తకం వెలువడింది. మొదట రచయిత తన ఎలుగుబంటి ఆఫ్రికానుంచి వచ్చినట్లు రాశాడు. ఆఫ్రికాలో ఎలుగుబంట్లు లేవని ఆయన సాహిత్య ప్రతినిధి హార్వే ఉన్నా హెచ్చరించడంతో, దాని స్వస్థలాన్ని దక్షిణ అమెరికాలోని పెరూ దేశానికి మార్చాడు.

కథ ప్రారంభం చాలా చిన్నది. పెరూ అడవులనుంచి ఓడలో దొంగచాటుగా ప్రయాణించి, ఒక ఎలుగుబంటి పిల్ల లండన్‌లోని స్టేషనుకు చేరుతుంది. దానికి తోడెవరూ లేరు. ఉన్నదల్లా తలపై టోపీ, చేతిలో చిన్న పెట్టె, మెడలో ఒక చీటీ. తనను చూసుకొమ్మని తెలియనివారిని మర్యాదగా వేడుకొనే మాటలు ఆ చీటీపై ఉంటాయి. బ్రౌన్ దంపతులు దాన్ని చూస్తారు, ఆగుతారు, మాట్లాడతారు, ఇంటికి తీసుకుపోతారు. ఆ తరువాత వచ్చిన కథలన్నీ ఆ ఒక్క నిర్ణయానికి కొనసాగింపులే.

ఆ చీటీ కేవలం కల్పన కాదు. 1939 సెప్టెంబరు 1న రెండవ ప్రపంచయుద్ధం ఆరంభమయింది. బాంబుల భయంతో బ్రిటిష్ ప్రభుత్వం ఆ రోజునుంచే నగరాల్లోని పిల్లలను పల్లెలకు తరలించింది. కొద్దిరోజుల్లోనే పిల్లలు, పసిబిడ్డల తల్లులు కలిసి పదిహేను లక్షలమంది వరకు ఇల్లు విడిచారు. పిల్లల దుస్తులకు పేరు రాసిన చీటీలు కట్టి ఉండేవి. చేతుల్లో చిన్నచిన్న పెట్టెలు ఉండేవి. తాము ఎవరి ఇంటికి చేరబోతున్నామో వారిలో చాలామందికి తెలియదు. ఆనాటికి బాలుడైన మైకేల్ బాండ్ మనస్సులో ఆ దృశ్యం చెరగని ముద్ర వేసింది. ఆ పిల్లల చీటీయే సుమారు ఇరవై ఏళ్ల తరువాత ఎలుగుబంటి మెడను అలంకరించింది.

ఆ కథలోకి చేరిన శరణార్థి ఎలుగుబంటి ఒక్కటే కాదు. పాడింగ్టన్‌కు ఆప్తమిత్రుడైన గ్రూబర్ హంగరీ దేశంనుంచి వచ్చి పాతవస్తువుల అంగడి నడుపుకొనే వృద్ధుడు. ఆఫ్రికా ఎలుగుబంటిని పెరూకు పంపించిన హార్వే ఉన్నాయే ఈ పాత్రకు మూలం. యూదుడైన ఆయన నాజీల బారినుంచి తప్పించుకొని, జర్మనీ విడిచి, దాదాపు వట్టి చేతులతో ఇంగ్లండుకు వచ్చినవాడు. నవ్వించే కథ అడుగున ఇల్లు కోల్పోయినవారి దుఃఖం ఉందని గ్రహించిన పాఠకుడికి ఆ ఎలుగుబంటి మర్యాద, టోపీ ఎత్తి నమస్కరించే తీరు మరొక విధంగా కనిపిస్తాయి. పరాయి గడ్డమీద అడుగుపెట్టినవాడికి మర్యాద ఒక్కటే ఆస్తి.

ఇటువంటి కథానాయకుడు బాలల రక్షణ సంఘానికి అండగా నిలవడంలో గొప్ప ఔచిత్యం ఉంది. బ్రిటన్ చరిత్ర ఎరిగినవారికి ఇందులో మరొక విశేషం కూడ స్ఫురిస్తుంది. జంతువులపై క్రూరత్వాన్ని నివారించే సంఘం లండన్‌లో 1824లోనే ఏర్పడింది. పిల్లలపై క్రూరత్వాన్ని నివారించే సంఘం అక్కడ ఏర్పడింది 1884లో. పశువుల బాధను గుర్తించిన అరవై ఏళ్లకు గాని ఆ నగరం పసివారి బాధను గుర్తించి సంఘం కట్టలేదు. మరొక నూట ముప్పై ఏళ్లకు ఒక జంతువే పసివారి పక్షాన వీధిలో నిలిచి సహాయం కోరింది. 1986లో బ్రిటన్‌లో మొదలై, తరువాత ఈ సంఘంలో భాగమైన ‘చైల్డ్‌లైన్’ ద్వారా పిల్లలు తమ కష్టాన్ని ఫోనులో చెప్పుకోగలుగుతున్నారు. బొమ్మను వేలంలో కొన్నవాడు ఇచ్చిన పౌండ్లు ఎక్కడో భయపడుతున్న బిడ్డకు రక్షణగా మారితే, దాన్ని వట్టి వినోదమని కొట్టివేయడం న్యాయం కాదు.

ఈ వేడుకకు మరొక గుణం ఉంది. చిత్రశాలకు వెళ్లడానికి సంకోచించే సామాన్యుడు కూడ వీధిలోని విగ్రహం ముందు ఆగుతాడు. అక్కడ ప్రవేశరుసుము లేదు. శ్రీమంతుల బిడ్డ, కార్మికుని బిడ్డ ఒకే విగ్రహం పక్కన నిలబడి ఫోటో తీయించుకొంటారు. కథ తెలియనివాడు తెలిసినవాణ్ణి అడుగుతాడు. తాతలు చిన్ననాడు చదివిన పుస్తకాన్ని మనుమలకు చెబుతారు. ఒక నగరం మొత్తం కొన్ని వారాలపాటు ఒకే కథను తలచుకోవడం చిన్న విషయం కాదు.

అయితే విమర్శకుల మాటలనూ విస్మరించరాదు. 2014 నవంబరు 28న పాడింగ్టన్ చలనచిత్రం బ్రిటన్‌లో విడుదలయింది. విగ్రహాలు వీధుల్లోకి వచ్చింది అంతకు కొద్దివారాల ముందు. అందువల్ల ఆ బాట సేవకు ఎంత తోడ్పడిందో చిత్రప్రచారానికీ అంతే తోడ్పడిందన్న ఆక్షేపణ సహజం. ప్రముఖుల పేరు ఉన్నందువల్ల విగ్రహాలకు విలువ కట్టారు తప్ప పిల్లల కష్టానికి కాదని మరొక ఆక్షేపణ. ఇచ్చే చేతికి తెలియకుండా ఇవ్వడమే దానమని, గుప్తదానమే శ్రేష్ఠమని పెద్దలు చెప్పే సంప్రదాయంలో పెరిగినవారికి ఈ ఆర్భాటం రుచించకపోవచ్చు.

ఈ ఆక్షేపణలకు కొంతవరకు సమాధానం ఉంది. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టినవాడి ఉద్దేశాన్ని విచారించడం కన్న, అన్నం అందిందా లేదా అని విచారించడం ముందు. గుప్తదానం దాత చిత్తశుద్ధికి మేలు చేస్తుంది. బహిరంగదానం మరికొందరిని దాతలుగా మారుస్తుంది. సమాజానికి రెండూ కావలసినవే. ప్రకటన కలిసినంతమాత్రాన ధర్మం అధర్మం కాదు. కాబట్టి ఆర్భాటం ఈ వేడుకల్లోని అసలు దోషం కాదు. అసలు ప్రమాదం మరొకటి ఉంది.

తెలుగులో ‘చూడడం’ వేరు, ‘చూసుకోవడం’ వేరు. మొదటిది కంటిపని. రెండవది ఇంటిపని. చూడడానికి క్షణం చాలు. చూసుకోవడానికి ఏళ్లు కావాలి. చూసినవాడు తన దారిన తాను వెళ్లవచ్చు. చూసుకొనేవాడు వెళ్లడానికి వీలులేదు. పాడింగ్టన్ మెడలోని చీటీ అడిగింది తనను చూడమని కాదు, చూసుకొమ్మని. విగ్రహాల బాటలో నడిచిన జనం చేసింది ప్రధానంగా చూడడం. విగ్రహానికి ఆకలి వేయదు. జ్వరం రాదు. రాత్రివేళ కలవరించి ఏడవదు. కథలోని ఎలుగుబంటి మాత్రం బ్రౌన్ దంపతుల ఇంట అడుగుపెట్టిన తొలినాడే స్నానాలగదిని నీటితో ముంచెత్తింది. ఆ తరువాత కూడ ఆ ఇంట్లో దానివల్ల జరిగిన పొరపాట్లకు లెక్కలేదు. అయినా ఆ కుటుంబం దాన్ని వెళ్లగొట్టలేదు. చూసుకోవడంలో విసుగు ఉంది, ఖర్చు ఉంది, ఓర్పు ఉంది. ఆ మూడింటినీ తొలగించి, ముద్దొచ్చే రూపాన్ని మాత్రమే మిగిలిస్తే కథలోని సారం జారిపోతుంది.

ఈ భేదాన్ని 2025లో జరిగిన ఒక సంఘటన తేటతెల్లం చేసింది. అంతకుముందు సంవత్సరం మరొక పాడింగ్టన్ చలనచిత్రం సందర్భంగా బ్రిటన్‌లోని పలు పట్టణాల్లో బల్లమీద కూర్చున్న పాడింగ్టన్ విగ్రహాలను నెలకొల్పారు. వాటిలో ఒకటి మైకేల్ బాండ్ జన్మస్థలమైన న్యూబరీలో ఉంది. 2025 మార్చిలో ఒక రాత్రి, మద్యం మత్తులో ఉన్న ఇద్దరు యువకులు ఆ విగ్రహాన్ని విరగగొట్టి సగభాగాన్ని పట్టుకుపోయారు. న్యాయస్థానం వారికి వేతనం లేని సమాజసేవను, నష్టపరిహారాన్ని విధించింది. పాడింగ్టన్ ఏ దయకు, ఏ సహనానికి ప్రతీకగా నిలిచాడో దానికి వారి చేష్ట పూర్తిగా విరుద్ధమని న్యాయమూర్తి మందలించాడు. మరికొద్ది వారాల్లో విగ్రహం బాగుపడి తిరిగి తన స్థానానికి చేరింది. బొమ్మ విరిగితే ఒక దేశం నొచ్చుకోవడం ఆ దేశంలో కథ బతికే ఉందనడానికి గుర్తు. అది సంతోషించదగిన విషయమే. కాని అదే నొప్పి, పేరు తెలియని ఒక పరాయిబిడ్డ మనస్సు విరిగినప్పుడు కూడ కలుగుతుందా? కలిగిననాడే ఆ కథను చదివినట్లు.

లండన్‌లోనే మరొక రైల్వేస్టేషను ఈ ప్రశ్నను నిత్యం అడుగుతూ ఉంటుంది. పాడింగ్టన్ స్టేషనులో శిల్పి మార్కస్ కార్నిష్ రూపొందించిన ఎలుగుబంటి కంచువిగ్రహం 2000 సంవత్సరంనుంచి ఉంది. లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషను వెలుపల 2006లో నెలకొల్పిన కంచువిగ్రహాలు కొందరు పిల్లలవి. పక్కన సామాను పెట్టుకొని, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్లు వారు ఉంటారు. 1938 డిసెంబరునుంచి యుద్ధారంభం వరకు నాజీల పాలననుంచి దాదాపు పదివేలమంది పిల్లలను బ్రిటన్ తనలోనికి అనుమతించింది. వారిలో అధికసంఖ్యాకులు యూదుల బిడ్డలు. అనుమతి పిల్లలకే, వారి తల్లిదండ్రులకు కాదు. ఆ విగ్రహాలను మలచిన ఫ్రాంక్ మైస్లర్ కూడ డాన్‌జిగ్ నగరంనుంచి అట్లా వచ్చిన బాలుడే. ఆయన తల్లిదండ్రులు ఆష్విట్జ్‌లో హతమయ్యారు. అక్కడి శిల్పాలు వేలానికి రావు. వాటిపై రంగులు లేవు. అవి నవ్వించవు. అయినప్పటికీ ఎలుగుబంటి మెడలోని చీటీకి అర్థం తెలియాలంటే ఈ పిల్లల ముందు కూడ ఒక్క నిమిషం నిలబడక తప్పదు. ఒక స్టేషనులోని బొమ్మ అడిగే సహాయమే, మరొక స్టేషనులో బొమ్మలైన పిల్లలు నిజంగా అడిగిన సహాయం.

భారతీయ వాఙ్మయంలోనూ శరణాగతుని కథలు కొల్లలు. డేగకు వెరచి తొడపై వాలిన పావురాన్ని కాపాడడానికి శిబి చక్రవర్తి తన శరీరమాంసాన్నే త్రాసులో వేశాడని భారతకథ చెబుతుంది. ఆయన భాండాగారంలో ధనానికి లోటు లేదు. అయినా త్రాసు తూగింది ధనంతో కాదు. పరుల భారాన్ని తనపై వేసుకొనడమే రక్షణ అన్నది ఆ కథ తాత్పర్యం. దేశాలు వేరు, కాలాలు వేరు. పావురమూ ఎలుగుబంటీ అడిగింది మాత్రం ఒక్కటే.

ఇంతకూ శిల్పాల బాటలు వద్దనడం సమంజసం కాదు. అవి కావాలి. అయితే ప్రతి విగ్రహం పక్కనా దాతల పేరుతోపాటు కథ కూడ ఉండాలి. సొమ్ము ఎవరికి చేరుతుందో, ఏ కష్టాన్ని తీరుస్తుందో ఉండాలి. పటం చేతబట్టి విగ్రహాలు లెక్కపెట్టే బాలుడికి, ఆ ఎలుగుబంటి మెడలో చీటీ ఎందుకుందో చెప్పే పెద్దవారు తోడుండాలి. అప్పుడు ఆ బాట చివరి విగ్రహంతో ముగియదు. నడిచినవారి ఇంటివరకూ సాగుతుంది.

స్టేషనులో ఒంటరిగా నిలబడిన పిల్లలు ఒక్క లండన్‌కే పరిమితం కాదు. ఇల్లు విడిచి, రైలెక్కి, ఏ ఊరో తెలియని చోట దిగే పిల్లలు భారతదేశంలోని పెద్ద స్టేషనులన్నింటిలోనూ కనిపిస్తారు. వారి మెడలో చీటీ ఉండదు. ఉన్నా దాన్ని చదవడానికి ఆగేవారు తక్కువ. అటువంటివారి సహాయార్థం 1996లో ముంబైలో ఆరంభమైన 1098 అనే సహాయవాణి నేడు దేశమంతటా పనిచేస్తున్నది. ఆ అంకెలు గుర్తుంచుకోవడానికి ధనం అక్కరలేదు, కీర్తి అక్కరలేదు. రద్దీలో ఒక్క క్షణం ఆగే మనస్సు ఉంటే చాలు. బ్రౌన్ దంపతులు చేసిన మొదటి పని కూడ అదే.